తలకట్టు ముందు పడిన అక్షరం

వెతకొద్దు అని రాసిపెట్టి వెళ్ళిన మనిషిని వెతకాలంటే ఎవరైనా కాస్త జంకుతారు. ఉమారాణికి మాత్రం ఆ మాటే గుండెల్లో దడ పుట్టించింది. ఇరవై రెండేళ్ళు ప్రభుత్వ ల్యాబులో కూర్చుని దొంగ సంతకాలూ, దొంగ వీలునామాలూ, పోయినవాళ్ళ ఆఖరి ఉత్తరాలూ భూతద్దం కింద పెట్టి చూసిన మనిషి ఆవిడ. నిజంగా ఇల్లు విడిచి పోయేవాళ్ళు ఎందుకు పోతున్నారో రాస్తారు, ఎవరిమీద కోపమో రాస్తారు, బీరువా తాళం ఎక్కడ పెట్టారో కూడా రాస్తారు. వెతకొద్దని పనిగట్టుకుని చెప్పేది, వెతికితే ఏదో బయటపడుతుందని భయపడేవాళ్ళే.

శుక్రవారం, ఉదయం పదకొండూ పది. తేజశ్రీ కనిపించకుండా పోయి నలభై గంటలు దాటింది. మధ్యాహ్నం పన్నెండింటికి పోలీసులు ఫైలు మూసేస్తామన్నారు. మేజరైన పిల్ల, తన ఇష్టంతో తను వెళ్ళింది, తన ఫ్లాటులో చేతిరాతతో చీటీ కూడా పెట్టింది, ఇంకేం కావాలి అని వాళ్ళ వాదన. ఆ పిల్ల తల్లి అన్నపూర్ణేశ్వరి నిన్న సాయంత్రం ఫోన్‌లో ఒకే ఒక్క మాట అంది: "మా పాప నాకు చెప్పకుండా మెట్రో కూడా ఎక్కదండీ." ఆ మాట పట్టుకునే ఉమారాణి పొద్దున్నే గురుగ్రామ్‌లోని ఈ డిజైన్ స్టూడియోకి వచ్చింది.

స్టూడియో పేరు చిత్రాక్షరి. యజమాని సుధీంద్ర అనంతపురం మనిషి, నలభై దాటాయి, మాటకు ముందు మేడమ్, మాటకు వెనక మేడమ్. అతివినయం ధూర్త లక్షణం అన్నారు పెద్దలు. ఉమారాణి ఆ సామెతను మనసులో ఒక మూల పెట్టుకుని, అతని ఎదురుగా కూర్చుంది.

"తేజశ్రీ ఇక్కడ చేసే పనేంటి? నాకు అర్థమయ్యేట్టు చెప్పండి."

"ఫాంట్లు ఏరుతుంది మేడమ్. పెళ్ళికార్డులు, షాపు బోర్డులు, స్వీటు డబ్బాలు, ఏ ఆర్డరొచ్చినా సరే, ముందు అక్షరాల డిజైన్ కావాలి కదా. ఇప్పుడు ఎవరూ చేత్తో గీయరు. 'మల్లెతీగ అల్లినట్టు ఉండాలి' అని ఏఐకి చెప్తే నిమిషంలో రెండొందల రకాలు పోస్తుంది. చూడ్డానికి అన్నీ ముత్యాలే. చదివితే నూటికి తొంభై తప్పులు."

"ఎలాంటి తప్పులు?"

"దానికి తెలుగు రాదు కదా మేడమ్, బొమ్మ వచ్చు అంతే. 'వధువు'లో ధ కింద ఒత్తు ఎగరగొడుతుంది. మకీ యకీ తేడా తెలీదు. పోయినేడాది తేజశ్రీ లీవులో ఉన్నప్పుడు ఒక కార్డు వెళ్ళిపోయింది, 'శ్రీమతి' అని ఉండాల్సిన చోట 'శ్రీయతి' అని. ఆ పెళ్ళివాళ్ళు నన్ను కొట్టలేదంతే. ఆ అమ్మాయి అమలాపురంలో అమ్మమ్మ దగ్గర చదువుకున్న పిల్ల. కంటికి తప్పు ఇట్టే దొరుకుతుంది. రెండొందల్లోంచి నాలుగు తీసి ఇచ్చిందంటే ఆ నాలుగూ నిఖార్సు."

"ఏఐతో పని చేయించేది ఎవరు?"

"వాసవి. ఢిల్లీలోనే పుట్టి పెరిగిన పిల్ల మేడమ్. తెలుగు అర్థమవుతుంది, మాట్లాడుతుంది, చదవడం మాత్రం రాదు. అందుకే అందం వాసవి చూస్తుంది, అక్షరం తేజశ్రీ చూస్తుంది. ఇద్దరూ ఒకే ఫ్లాటులో ఉంటారు. పాపం, ఆ అమ్మాయి పొద్దున ఎనిమిదిన్నరకే ఇందిరాపురంలో తేజశ్రీ వాళ్ళమ్మగారింటికి వెళ్ళింది, ఆవిడకి తోడుగా."

"బుధవారం తేజశ్రీ ఎన్నింటికి బయటికి వెళ్ళింది?"

"ఆరూ నలభైకి గేటు దగ్గర కార్డు పడింది."

"ఒక్కతేనా?"

సుధీంద్ర కంప్యూటర్ వైపు తిరిగి చూసుకున్నాడు. "దాని వెనకే ఆరూ నలభై ఒకటికి వాసవి కార్డు. రోజూ కలిసే వెళ్తారు మేడమ్."

"పోలీసులకి వాసవి తాను అయిదున్నరకే వెళ్ళిపోయానని చెప్పింది. మీరు పక్కనే ఉన్నారు కదా అప్పుడు?"

అతను మళ్ళీ కంప్యూటర్ వైపు చూశాడు. ఆ పిల్ల కంగారులో మరిచిపోయి ఉంటుందని గొణిగాడు. అరచేయి ప్యాంటుకి తుడుచుకున్నాడు.

ఉమారాణి తేజశ్రీ టేబుల్ దగ్గరికి నడిచింది. చక్కగా సర్దిన టేబులు. రోజూ ఏ ఫాంటు ఎందుకు తీసేసిందో రాసుకున్న నోటుబుక్కు. పేజీ పేజీకీ చిన్న చిన్న చురకలు: 'ళ కి తోక మొలిచింది', 'ఇది ఖ కాదు, కుక్కర్ విజిల్', 'వాసవికి నచ్చింది, తెలుగుకి నచ్చదు'. చదువుతుంటే నవ్వొచ్చింది, ఆ వెంటనే కళ్ళు చెమర్చాయి. మంగళవారం పేజీలో చివరి పంక్తి దగ్గర మాత్రం నవ్వు లేదు.

'ఈ దస్తూరి ఎవరిది? ఏ ఆర్డర్‌లోనూ లేదు. పెద్దాయన రాత. వాసవిని అడగాలి.'

ఆ పంక్తి దగ్గరే ఆవిడ చూపు ఆగిపోయిన సమయంలో వెనక నుంచి గట్టిగా నవ్వు వినిపించింది.

"మేడమ్, ఇంకా ఈ కేసు తవ్వుతనే ఉన్నరా? అయిపోయింది గద!"

రఘువీర్. ఒకప్పుడు ల్యాబులో ఆవిడ కింద పనిచేసినవాడే. వరంగల్ వాడు, తెలివైనవాడు, ఆ తెలివిమీద తనకున్న నమ్మకం ఇంకా పెద్దది. ఉద్యోగం మానేసి గురుగ్రామ్‌లో అద్దాల ఆఫీసు పెట్టాడు. తేజశ్రీ చీటీలో రాత ఆమెదేనని పోలీసులకు రాసిచ్చింది ఇతనే. ఒరిజినల్ చీటీ ప్లాస్టిక్ కవరులో అతని చేతిలోనే ఉంది, ఫైలు మూసేలోపు సుధీంద్ర సంతకం కోసం తెచ్చినట్టున్నాడు.

"రాత ఆమెదేనని ఎన్ని గంటలు చూసి తేల్చావు రఘువీర్?"

"నలభై నిమిషాలు. పద్నాలుగు పాయింట్లు కలిసినయ్. వంపు, ఎత్తు, అక్షరానికీ అక్షరానికీ నడుమ జాగ, కొమ్ము తిప్పే తీరు. సంతకం లెక్కనే ఉంది."

"మిషన్ అక్షరాలు గీసే ఆఫీసులో కూర్చుని ఈ మాట అంటున్నావు."

"అది గూడ చూసిన." రఘువీర్ కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "ఫాంట్ అయితే అన్ని న లు ఒక్కతీరుగుంటయ్. ఇండ్ల ఒక న లెక్క ఇంకో న లేదు. పైగా ప్రింటు గాదు, పెన్ను. కాయితం వెనక తడిమితే ముద్ర చేతికి తగుల్తది. మీరు పాతకాలం మనుషులు మేడమ్, మిషన్ అంటే భయపడ్తరు."

"భయపడుతూనే ఉన్నాను," అంది ఉమారాణి. అబద్ధమాడటం ఆవిడకి చేతకాలేదు. "పది నిమిషాలు ఆ చీటీ ఇయ్యి."

"పోలీసోళ్ళ ప్రాపర్టీ."

"నీ చేతిలో ఉంది, నా చేతికిస్తే అరిగిపోదు. తప్పని తేలితే నీ పేరు పోలీసుల కంటే ముందు నేను కాపాడతాను. నిజమని తేలితే నీ ఆఫీసు గుమ్మంలో నిలబడి క్షమాపణ చెప్తాను. సరేనా?"

రఘువీర్‌కి ఆ రెండో మాట తియ్యగా వినిపించింది. కవరు అందించాడు. గోడ గడియారంలో పదకొండూ ఇరవై ఎనిమిది.

మందపాటి తెల్లకార్డు. నీలిరంగు జెల్ పెన్ను. నాలుగే వాక్యాలు.

'అమ్మా, నేను నా ఇష్టంతోనే వెళ్తున్నాను. నన్ను వెతకొద్దు. కోపం చేయకు. మందులు టైముకి తిను. తేజు.'

ఉమారాణి సంచిలోంచి భూతద్దం తీసింది. 'నన్ను'లో మొదటి న. 'వెతకొద్దు'లో త. 'మందులు'లో మ. మళ్ళీ మొదటికి వచ్చింది. మరోసారి చూసింది. తర్వాత నోటుబుక్కులో అదే న, అదే త, అదే మ చూసింది.

"రఘువీర్, నీ విజిటింగ్ కార్డు వెనక 'న' రాయి."

"ఏంది మేడమ్, అక్షరాభ్యాసమా?"

"రాయవయ్యా."

రాశాడు. గుండ్రంగా కింది వంపు తిప్పి, పైన టిక్కు పెట్టినట్టు తలకట్టు పెట్టాడు.

"తలకట్టు ఎప్పుడు పెట్టావు?"

"ఆఖరికి. ఎవడైనా ఆఖరికే పెడ్తడు."

"ఎవడైనా ఆఖరికే పెడతాడు," అంది ఉమారాణి. "పలకమీద బలపం పట్టిన రోజు నుంచి ముందు అక్షరం, తర్వాత తలకట్టు. ఇప్పుడు ఇందులోంచి చూడు. గీత మీద గీత ఎక్కినచోట తర్వాత పడిన సిరా పైనుంటుంది. నోటుబుక్కులో తేజశ్రీ తలకట్టు అక్షరం మీదికి ఎక్కింది. చీటీలో?"

రఘువీర్ వంగాడు. ముందు నిర్లక్ష్యంగా, తర్వాత మోచేతులు టేబుల్‌కి ఆనించి చూశాడు.

"కింద ఉంది," అన్నాడు చివరికి. గొంతులో ఇందాకటి నవ్వు లేదు. "అన్నిట్ల తలకట్టు కిందనే ఉంది. ముందు తలకట్టు, ఎన్క అక్షరం."

"పైనున్నది పైనని, కిందున్నది కిందని, పైనుంచి గీసుకుంటూ వచ్చింది. తలకట్టు ముందు పెట్టే తెలుగువాణ్ణి నేను పుట్టి బుద్ధెరిగి చూడలేదు. ఇది మనిషి రాయలేదు. సుధీంద్ర గారూ, మీ దగ్గర పెన్ను పట్టుకుని రాసే మిషన్ ఉందా?"

సుధీంద్ర పక్క గది తలుపు వైపు చూశాడు. "ప్లాటర్ మేడమ్. పెళ్ళికార్డు కవర్లమీద అడ్రసులు చేత్తో రాసినట్టు రాయడానికి. ఒక్కో అక్షరానికి ఎనిమిది రూపాలు తయారుచేస్తుంది, అచ్చం మనిషి రాసినట్టుండాలని. స్టాఫ్ అందరి రాతా నేర్పించాం, సరదాకి. తేజశ్రీది కూడా ఉంది."

"మిషన్ గది తాళం?"

"ఒకటి వాసవి దగ్గర. ఇంకోటి నా దగ్గర."

గది చిన్నది. చేతికర్రలాంటి లోహపు చెయ్యి, దాని చివర నీలి జెల్ పెన్ను. సుధీంద్ర కంప్యూటర్ తెరిచి ప్లాటర్ చేసిన పనుల జాబితా తీశాడు. బుధవారం పేజీలో ఆఖరి పని, ఒక కార్డు, సాయంత్రం అయిదూ యాభై రెండు.

తేజశ్రీ గేటు దాటింది ఆరూ నలభైకి. అంటే ఈ గోడకి అవతల ఆ పిల్ల తన టేబుల్ దగ్గర కూర్చుని తప్పులు ఏరుతుండగా, ఇవతల మిషన్ ఆమె చేతిరాతతో ఆమె వీడ్కోలు చీటీ రాసేసింది.

"కానీ మేడమ్," సుధీంద్ర తడబడ్డాడు, "వాసవికి తెలుగులో అమ్మ అని కూడా రాయడం రాదు. ఇదంతా ఎలా టైపు చేస్తుంది?"

"రాయక్కర్లేదు. నోటితో చెబితే కంప్యూటరే రాసుకుంటుంది. స్పెల్లింగ్ తప్పులు అది చేయదు. మాట తీరు మాత్రం మనిషిదే కదా." ఉమారాణి చీటీని ఇప్పుడు పైకి చదివింది, చెవితో వినడానికి. "కోపం చేయకు. మందులు టైముకి తిను. రఘువీర్, మీ అమ్మకి మందుల సంగతి ఎలా చెప్తావు?"

"గోలి వేస్కున్నవానే అంట."

"మా కోస్తాలో అయినా వేసుకోవడమే. మందులు తినడం ఎక్కడిది?"

"దవాయీ ఖా లో," అన్నాడు రఘువీర్ మెల్లిగా. "గుస్సా మత్ కరో. ఇది హిందీ మేడమ్."

"హిందీలో ఆలోచించి తెలుగులో పలికిన పిల్లది. అమలాపురం పిల్లది కాదు."

ఉమారాణి ఫోన్ తీసింది. ఏమీ ఎరగనట్టు మాట్లాడాలి, అవతల వాసవి పక్కనే ఉంటుంది. రెండో రింగుకే అన్నపూర్ణేశ్వరి ఎత్తింది.

"ఏమన్నా తెలిసిందాండీ?"

"పనిలోనే ఉన్నానండీ. ఒక్క చిన్న సంగతి. బుధవారం మధ్యాహ్నం పాప ఫోన్ చేసిందన్నారు కదా, ఏమంది?"

"భోంచేశావా, మందేసుకున్నావా, రోజూ అడిగేదే. ఆఁ, ఇంకోటి అందండీ. ఎవరో పోయినాయన రాత పట్టుకుని ఏదో కాగితం పుట్టించారమ్మా, ఆ పేరు నాకు తెలుసు, ఇంటికొచ్చాక చెప్తానంది. నాకు సరిగ్గా బోధపడలేదు. నిన్న వాసవితో కూడా అదే అన్నానండీ, నీకేమైనా తెలుసామ్మా అని. పాపం, ఆ పిల్ల పొద్దున్నుంచీ నన్ను కనిపెట్టుకునే ఉంది. మందులు తిన్నారా ఆంటీ అని ఇప్పటికి నాలుగుసార్లు అడిగింది."

వెనకనుంచి సన్నటి గొంతు వినిపించింది. "ఆంటీ, కౌన్ హై?"

"ఉమారాణి గారమ్మా. ఉంటానండీ."

ఫోన్ పెట్టేసింది. పదకొండూ యాభై రెండు. మంగళవారం పేజీలోని పెద్దాయన రాత ఇదే, ఆ సంగతి తల్లికీ తెలుసని నిన్ననే వాసవి చెవిన పడింది. తల్లి తన చేత్తోనే ప్రమాదాన్ని పిలిచి సోఫాలో కూర్చోబెట్టింది.

"మేడమ్." సుధీంద్ర తెర వైపు వేలు చూపించాడు. "ఇవాళ కూడా ఒక పని ఉంది."

శుక్రవారం, ఉదయం ఎనిమిదీ అయిదు. ఒక కార్డు. ట్రేలో కార్డు లేదు, ఎవరో తీసుకెళ్ళారు. సుధీంద్ర ఆ ఫైలు తెరిచాడు. తెరమీద పడిన రాత తేజశ్రీది కాదు. కాస్త పెద్దగా, నిటారుగా, ఆఫీసు నోటింగులు రాసి రాసి గట్టిపడిన రాత. తల్లికి పుట్టినరోజు కానుకగా ఆమె దస్తూరితో ఒక ఫాంటు చేయించాలని పోయిన నెలలోనే తేజశ్రీ నాలుగు పేజీలు రాయించి తెచ్చిందట. సుధీంద్ర అది చెబుతూ ఉండగానే ఉమారాణి చదవడం పూర్తి చేసింది.

'నా కూతురి దగ్గరికే వెళ్తున్నాను. అది లేకుండా నేను ఉండలేను. ఎవరి తప్పూ లేదు. అన్నపూర్ణేశ్వరి.'

కూతురి దగ్గరికే. తేజశ్రీ ఎక్కడుందో పోలీసులకి తెలీదు, తల్లికి తెలీదు, ఉమారాణికి తెలీదు. ఈ వాక్యం పలికిన మనిషికి తెలుసు. ఆ కుక్కర్ విజిల్ మాట రాసిన పిల్ల ఇక లేదేమో. తల్లి మాత్రం ఉంది, ఇంకా ఉంది.

గురుగ్రామ్ నుంచి ఇందిరాపురానికి ఈ వేళప్పుడు గంటన్నర. పోలీసులకి చెప్పి, నమ్మించి, అక్కడి స్టేషన్‌కి చెప్పించేసరికి గంట. ఫోన్ చేస్తే వాసవి వింటుంది, తెలుగులో చెప్పినా అర్థమవుతుంది. అర్థం కానిది ఒక్కటే.

ఉమారాణి వాట్సాప్ తెరిచింది. తెలుగు కీబోర్డుమీద వేళ్ళు తడబడుతుంటే ఒక్కో అక్షరం వెతుక్కుని కొట్టింది.

'గట్టిగా చదవకండి. వాసవికి చూపించినా పరవాలేదు, ఆమెకి చదవడం రాదు. ఆమె ఇచ్చింది ఏదీ తాగొద్దు, మింగొద్దు. ఏదో వంక చెప్పి పక్కింటికి వెళ్ళి కూర్చోండి. ఇప్పుడే.'

ఒక టిక్కు. రెండు. రెండూ నీలమయ్యాయి.

ఒక నిమిషం గడిచింది. ఉమారాణి ఫోన్‌నుంచి కళ్ళు తిప్పలేదు. రఘువీర్ తన ఫోన్ చెవిన పెట్టుకుని వరండాలోకి వెళ్ళడం మాత్రం కంటి చివర కనిపించింది. పాపం, చేసిన తప్పు దిద్దుకోవాలని అతని ఆరాటం.

జవాబొచ్చింది. ఆఫీసు ఫైళ్ళు నడిపిన మనిషి కాబట్టి, భయంలోనూ మాటలు సరిగ్గానే పేర్చింది.

'వాసవి పాల కోసమని ఇప్పుడే కిందికి వెళ్ళిందండీ. నేను బయటికి పోదామంటే తలుపు రావడం లేదు. బయట గడియ పెట్టినట్టుంది.'

వెంటనే ఇంకోటి.

'గ్యాస్ వాసన వస్తోందండీ. బాగా వస్తోంది. వంటగది తలుపుకి తాళం వేసి ఉంది. ఆ తాళం నాది కాదు.'

ఉమారాణి వేళ్ళు ఈసారి తడబడలేదు. 'ఏ స్విచ్చీ ముట్టుకోకండి. లైటు వద్దు, ఫ్యాను వద్దు, వేసి ఉంటే ఆపనూ వద్దు. బాల్కనీ తలుపు తెరిచి అక్కడ నిలబడండి.'

నీలం టిక్కులు. జవాబు: 'బాల్కనీ గడియ బిగుసుకుపోయింది. లాగుతున్నాను.'

"అయిపోయింది మేడమ్!" రఘువీర్ పరుగున లోపలికి వచ్చాడు. మొహం వెలిగిపోతోంది. "వాళ్ళ సొసైటీ సెక్యూరిటీకి ఫోన్ కొట్టిన. గార్డు పైకి పోతుండు. పదకొండో అంతస్తు, లిఫ్ట్ ఎక్కిండు. పోంగనే బెల్ కొట్టమన్న, తలుపు తీసెదాంక ఆపకుండ కొట్టమన్న!"

ఉమారాణి ఫోన్ తెర అతని మొహానికి ఎదురుగా పెట్టింది. అతని కళ్ళు ఆ నాలుగు పంక్తులమీద ఒక్కసారి పరిగెత్తాయి. గ్యాస్ నిండిన ఇంట్లో కాలింగ్ బెల్ మోగాలంటే ముందు లోపల ఒక చిన్న నిప్పురవ్వ పుట్టాలి. ఆ సంగతి ఎవరూ అతనికి చెప్పనక్కర్లేకపోయింది.

రఘువీర్ గార్డు నంబరుకి మళ్ళీ కొట్టి స్పీకర్ ఆన్ చేశాడు. ఉమారాణి తల్లికి రాస్తూనే ఉంది, తలుపు దగ్గర ఉండొద్దు, తలుపు దగ్గర ఉండొద్దు అని.

స్పీకర్‌లోంచి ఒక ఆడగొంతు హిందీలో మర్యాదగా చెప్పింది, మీరు డయల్ చేసిన నంబరు ప్రస్తుతం నెట్‌వర్క్ పరిధిలో లేదని. గార్డు ఇంకా లిఫ్టులోనే ఉన్నాడు.